‘చూడలేదు’ అని రాసిన మా అత్త

పోయిన బుధవారం గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో నేను వడియాల పిండి కలుపుతుంటే మా ఆయన డ్యూటీ మధ్యలో ఇంటికి వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా గడపలోనే నిలబడి, “అమ్మ పోయినాదంట” అన్నాడు. ఆస్పరిలో తన చెల్లెలి ఇంటికి పోయి నెల దాటింది మా అత్త. మూడు రోజుల జ్వరం. ఎవరో స్టేషనుకు ఫోను చేసి చెప్పారట. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నాకు తట్టిన మాట ఒకటే: చుట్టాలింట్లో నెల రోజులు ఉండగలిగింది కదా, అని.

ఎందుకలా అనిపించిందో చెప్పాలి.

డెబ్బైల మధ్యలో ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి కోడలిగా వచ్చాను. మా ఆయన గుంతకల్లు నుంచి వారానికొకసారి వచ్చేవాడు. ఇంట్లో నేను, అత్త, మామ. మామ రిటైరైన బడిపంతులు. పెరట్లో నాలుగు కాళ్ళ మీద తెల్లరంగు చెక్కపెట్టె ఒకటి, దాని లోపల థర్మామీటర్లు, పక్కనే వాన కొలిచే డబ్బా ఉండేవి. వాతావరణ ఆఫీసువాళ్ళు ఎప్పుడో మామకు అప్పగించిన పని అది. పొద్దున ఎనిమిదిన్నరకు, సాయంత్రం ఐదున్నరకు చూసి రిజిస్టరులో రాయాలి. నెలాఖరుకు నకలు పంపాలి. ఇవి గాక మామ తనకోసం ఇంకో గడి గీసుకున్నాడు, కోటకొండ వెనక్కి పొద్దు వాలే వేళ రాయడానికి. “పంచాంగం పొద్దు వేరే, మన పొద్దు వేరేమ్మే. ఈ కొండ దినామూ మనకు ఇంత ఎగ్గొడతాది” అనేది అత్త.

నేను వచ్చేనాటికే మామకు చూపు పోయింది. ఆ సంగతి ఆఫీసుకు తెలియదు. చూసేదీ రాసేదీ అత్తే. సంతకం మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని పెట్టించేది. పెట్టె తలుపు తీసేముందు కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని ఊపిరి బిగబట్టేది. నోటి వేడి తగిలినా లెక్క మారుతుందని ఆమె భయం. ఆ అలవాటు ఎంతగా పాతుకుపోయిందంటే, పాలు కొలిచేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టేది.

రోహిణి కార్తె చివర్లో ఆస్పరి వైపు రైతులు వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. “అయ్యవారూ, పోయినేడు ఈ దినాల్లో వాన యాపొద్దు పడిండె?” అని మామను అడిగేవాళ్ళు. లోపల అత్త పుటలు తిప్పి మెల్లగా చదివేది, బయట మామ గట్టిగా చెప్పేవాడు. ఆయనకు పగలంటే మేం చెప్పే అంకెలే. “నిన్నటికంటే నిమిషం ఎక్కువ నిలబడినాది పొద్దు” అని తనలో తాను సంతోషపడేవాడు. ఆ సంతోషాన్ని ఎవరు లాక్కోగలరు?

అందుకే అత్తా నేనూ ఇరుక్కుపోయాం. ఎనిమిదిన్నర తర్వాత బస్సెక్కి ఐదున్నరకు ముందు తిరిగి రాగలిగినంత దూరమే మా లోకం. ఎమ్మిగనూరు గంట ప్రయాణం. అయినా పెళ్ళయిన మూడేళ్ళలో అమ్మ దగ్గర ఒక్క రాత్రి నిద్రచేయలేదు. తోడుగా ఉండమని అత్త అడగలేదు, మామ ఆజ్ఞాపించలేదు. ఆమెను ఒక్కదాన్నే ఆ పెరట్లో వదిలి పోవడానికి నాకే మనసు రాలేదు. బండలు సెగలు కక్కే మధ్యాహ్నాలు తలుపులు మూసుకుని, గడియారం వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం.

మూడో వేసవి చివర అత్త పెరట్లో జారిపడింది. చీలమండ విరిగింది. కట్టుకట్టినవాడు నెలన్నర కాలు కింద పెట్టవద్దన్నాడు. రీడింగులు నా మీద పడ్డాయి. రెండు వారాలు గడిచాక, ఒక సాయంత్రం నాలుగున్నరకు మా అన్న వచ్చాడు.

“అమ్మకు బాగలేదు. నిన్నే కలవరిస్తాంది. ఐదు గంటల బస్సుంది, పోదాం పా” అన్నాడు.

మామ నిదానంగా లెక్క వేశాడు. “ఐదున్నరకు రాసి ఏడు గంటల బస్సుకు పోమ్మా. రాత్రంతా ఆడనే ఉండు. తెల్లారి మొదటి బస్సుకు వస్తే ఎనిమిదిన్నరకు అందుకుంటావు.”

ఆ మాటలో కోపం లేదు, కాఠిన్యం లేదు. అందుకే తల ఊపాను.

మంచం మీద నుంచి అత్త అంది: “ఏడు గంటల బస్సు వద్దు. ఇప్పుడే పోమ్మే. రేపు రావద్దు. నీకు రావాలనిపించినపుడు రా.”

“మరి ఎవరు సూస్తారు?” అన్నాడు మామ.

“ఎవరూ సూడరు. ఖాళీ పెడతా.”

“ఇన్నేండ్లలో ఒక్క గడి ఖాళీ లేదు. నిన్న నలభై ఒకటి ఉండె, ఈపొద్దూ అంతే ఉంటాది. అందాజుగా రాయి.”

“సూడనిది రాసేది లేదని నేర్పిచ్చింది నువ్వే గదా?” అంది అత్త. తర్వాత నావైపు తిరిగింది. “మా అమ్మ పోయినపొద్దు ఐదున్నరకు ఎండ ఎంతుండాదో రాసి బయలుదేరినా. నేను పోయేసరికి ఎత్తేసినారు. మొగం గూడా సూడలేదు. నువ్వు పో.”

పోయాను. అమ్మ నన్ను గుర్తుపట్టింది. గంజి తాగిస్తుంటే, “మూడున్నర బస్సుకు పోవల్లనా?” అని ఎప్పటిలాగే అడిగింది. లేదమ్మా, ఉంటానన్నాను. నాలుగు రోజులు ఉంది నా చేతుల్లో. నాలుగో నాటి మధ్యాహ్నం పోయింది.

కర్మలన్నీ అయ్యాక ఆదోనికి తిరిగి వచ్చి రిజిస్టరు తెరిచాను. అన్ని గడుల్లోనూ అత్త గుండ్రటి అక్షరాలు: చూడలేదు. చూడలేదు. చూడలేదు. నేను లేని ఆ రోజుల్లో మామ ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదట. నేను కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే పిలిచాడు.

“మీ అమ్మ నిన్ను గుర్తుపట్టినాదా?”

“పట్టినాది మామా.”

“కాగితం తీసుకో” అన్నాడు. తనకు చూపు లేదని, పెట్టె తీసుకుపొమ్మని ఆఫీసుకు ఉత్తరం చెప్పి రాయించాడు. ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వకుండా సంతకం పెట్టాడు. అది గీత దాటి వంకరగా పోయింది. వానలు మొదలయ్యాక ఎవరో వచ్చి పెట్టెను బండికెత్తుకుపోయారు. అత్త కాలు నయం కాగానే, “ఇంక నీ మొగుని దగ్గరికి పో” అని నా సామాను తనే సర్దింది.

మామ పోయాక ఆమె మొదటిసారి గుంతకల్లు వచ్చి మా ఇంట్లో ఉంది. తొలి రాత్రి వరండాలో పడుకుంటానంది. తెల్లారింది. కాఫీ పెట్టి వెళ్ళి చూస్తే ఇంకా నిద్రలోనే ఉంది. ఎనిమిదిన్నర ప్యాసింజరు బండి కూత వేసుకుంటూ పోయింది, కదలలేదు. ఎండ పాదాల మీద నుంచి మోకాళ్ళకు, అక్కడి నుంచి చేతుల మీదికి వచ్చింది. నోరు కొద్దిగా తెరుచుకుని, హాయిగా ఊపిరి తీస్తోంది. లేపబోయిన మా ఆయనను చేయి పట్టి ఆపాను. మేమిద్దరం గడపలో నిలబడే ఉన్నాం. ఎండ ఆమె మొహం దాకా వచ్చింది. ఆమె కొంగు కళ్ళ మీదికి లాక్కుని, అటు తిరిగి పడుకుంది.