మల్లన్న జాతరలో మొదటి చుట్టు

సిరిసిల్ల బస్టాండులో పొద్దున ఆరున్నర బస్సు ఎక్కాను. చంకలో పసుపు బట్ట మూట. ఆ మూట కోసమే ప్రయాణం.

మా అక్క లచ్చవ్వను కోరుట్ల అవతలి ఊరికి ఇచ్చారు. పంటలు ఇంటికి చేరాక ఆ ఊళ్లో ఏటా మల్లన్న జాతర జరుగుతుంది. పేరుకు దేవుడి జాతరే గానీ సందడంతా ఎడ్ల సంతదీ, విత్తనాలదీ. గుడి చుట్టూ ఒక ఎడ్లబండి మొదటి చుట్టు తిరిగితే తప్ప సంతలో ఒక్క ఎద్దు పలుపు కూడా చేతులు మారదు. ఆ బండి మా బావ మల్లేశం ఇంటిది. తాతల నాటి నుంచి అంతే. బండి కాడికి కట్టే పసుపు బట్ట మాత్రం ఇంటి కోడలి తల్లిగారింటివాళ్లు నేసి తేవాలి. అందుకే ఏటా నా మరమగ్గం మీద నేసి నేనే తీసుకెళ్తాను. మంచి మగ్గం. కరెంటు పోయినా పక్కన నిలబడి ముచ్చట చెబుతుంటే నడుస్తూనే ఉంటుంది. నమ్మనివాళ్లు సిరిసిల్ల వచ్చి చూసుకోవచ్చు. మీరు వచ్చిన రోజు కరెంటు పోకపోతే అది నా తప్పు కాదు.

బస్సు నిండా ఆడవాళ్లే. వాళ్లకు సున్నా టికెట్. కండక్టర్ డబ్బులు తీసుకున్నది నా దగ్గర, వెనక సీటులో కునికే ముసలాయన దగ్గర మాత్రమే. పక్క సీటులో ఎల్లంతకుంట ఆమె నా మూటను వేలితో పొడిచి చూసింది.

"గా మూటల ఏమున్నదే అన్నా?"

"ఎడ్లకు చీర."

"ఎడ్లకు చీరేంది! మా ఆయన నాకే తేడు."

బస్సంతా నవ్వింది. కండక్టర్ నా టికెట్ ఇవ్వడం మరిచిపోయి మళ్లీ వెనక్కి వచ్చాడు.

వేములవాడలో దిగి నాలుగు ఇడ్లీలు తిని కోరుట్ల బస్సు పట్టుకున్నాను. ఈ దారిలో వచ్చేవాళ్లు కిటికీ పక్కనే కూర్చోవాలి. రుద్రంగి దాటాక మక్కజొన్న చేన్లు, ఆ తర్వాత కళ్లాల్లో పసుపు ఉడికే వాసన. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే కోరుట్ల దగ్గర పడ్డట్టే. అక్కడి నుంచి అక్క వాళ్ల ఊరికి షేర్ ఆటో. ముగ్గురి సీటులో అయిదుగురం, ఒకామె ఒళ్లో కోడిపుంజు.

అక్క ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. ఏటా గుమ్మంలోనే ఎదురొచ్చి మూట లాక్కునే బావ, ఈసారి కొట్టం ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమైంది బావా?"

"ఎద్దు కాలు బెణికింది బామ్మర్దీ. నిన్న బోరు పైపు కాలువల అడుగు పెట్టింది. ఇగ బండికెట్ల కడుదు?"

ఊళ్లో మిగిలిన ఎడ్ల జత బావదొక్కటే. మిగతా అందరివీ ట్రాక్టర్లు. వాకిట్లో నిలబడ్డ గంగారెడ్డి మీసం దువ్వుతూ మాట కలిపాడు. అతనిదే ఊళ్లో కొత్త ట్రాక్టర్.

"పెద్దమనుషులు చెప్పిన్రు మామా. పొద్దు గుట్ట మీదికి దిగేదాక సూత్తరట. అప్పటికి నీ బండి రాకపోతే మొదటి సుట్టు నా ట్రాక్టర్‌ది. ఒక్కసారి తిరిగిందంటే ఇగ ఏటా గదే."

"గిన్నేండ్ల బండి నా చేతులనే ఆగాల్నా?" అన్నాడు బావ నాతో, గొంతు తగ్గించి. ఎప్పుడూ నా మాటలకు నవ్వే మనిషి అలా మాట్లాడేసరికి మూట అక్క చేతిలో పెట్టాను.

"ఒక్క ఎద్దే గదా. సంత నిండా ఎడ్లే ఉన్నయి. నేను తెస్త."

"ఆగు బామ్మర్దీ, ఏ పక్క..."

"నాకు తెల్సు బావా!" అని అప్పటికే వీధి మలుపు తిరిగాను.

జాతరకు వెళ్లేవాళ్లు ముందు మక్క గారెలు తినాలి, తర్వాతే సంతలోకి దిగాలి. ఆకలి మీద ఉంటే ప్రతి ఎద్దూ అందంగా కనిపిస్తుంది. ఒక వరుసలో గంటలు, మువ్వలు, పలుపులు. ఇంకో వరుసలో పసుపు కొమ్ములు, కంది విత్తనాలు పట్టుకున్న ఆడవాళ్లు. డబ్బు మాట లేదు, నీ దోసెడు నాకు, నా దోసెడు నీకు. వాళ్ల నెత్తి మీద మందు కొట్టే డ్రోన్ ఒకటి ఎగురుతుంటే ఎడ్లన్నీ మెడలు పైకెత్తి చూస్తున్నాయి.

ఎద్దును మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అమ్మకానికి తెచ్చినదాన్ని బండికి కట్టి, కాలికేమన్నా అయితే కొనేదెవరు? వాళ్ల మాటా నిజమే. తిరిగి తిరిగి సంత చివరికి వచ్చేసరికి కనిపించింది. తెల్లటి ఎద్దు. అదే మూపురం, అదే కొమ్ముల వంపు, నుదుటి మీద అదే మచ్చ. బావ ఇంట్లో కాలు బాగున్న ఎద్దు పక్కన నిలబెడితే చీరకు అంచు కుదిరినట్టు ఉంటుంది. పలుపు పట్టుకుని మల్యాల లింగవ్వ అనే ముసలామె కూర్చుంది, మెడకు తువ్వాల చుట్టుకుని.

పక్కన చతికిలబడి మొదలుపెట్టాను. "అవ్వా, మా బావ ఎద్దు రేడియోల వార్తలు ఇంటది. వాన పడుతదంటే తల ఊపుతది."

లింగవ్వ గొంతు జలుబుతో పూర్తిగా పోయింది. చెవి దగ్గర పెడితే గానీ వినపడలేదు. "నాది పేపర్ సదువుతది కొడుకా. అద్దాలు మరిసొచ్చినం."

సిరిసిల్లలో నన్ను మాటలో ఓడించినవాళ్లు లేరు. ఇక దాచేదేముందని బావ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె లేచి చీర దులుపుకుని పలుపు నా చేతిలో పెట్టింది. "మల్లన్న బండి ఆగొద్దు. పా, నేను గూడ అస్త."

ఊరేగింపులా తీసుకొచ్చాను. అక్క హారతి ఇచ్చింది. బావ కాడికి పసుపు బట్ట చుట్టి, కాలు బాగున్న తన ఎద్దును ఎడమ పక్క కట్టాడు. లింగవ్వ ఎద్దు కూడా సరిగ్గా అక్కడికే వెళ్లి దాన్ని తోసింది. కుడి పక్కకు తెస్తే మళ్లీ ఎడమకే. బావ నెత్తి కొట్టుకున్నాడు.

"రెండూ దాపటియే! ఎడమకు అలవాటైన ఎద్దు కుడికి నడుస్తదా? పక్క సూడకుంట రంగు సూసి తెచ్చినవా? ఇది చీర గాదు బామ్మర్దీ!"

"మగ్గం దుమ్ము కండ్లల్ల పడ్డట్టున్నది మా తమ్మునికి," అంది అక్క.

ఎలాగో కుడి పక్కన కట్టి తోలితే బండి గుడిని వదిలేసి జిలేబీ కొట్టు మీదికి వెళ్లింది. కొట్టువాడు మూకుడు ఎత్తుకుని పరుగెత్తాడు. రెండోసారి ఎద్దు అసలు కదలనేలేదు. పొద్దు గుట్ట కొసకు వచ్చింది. వెనక గంగారెడ్డి ట్రాక్టర్ గుర్రుమంటోంది.

లింగవ్వ నా చొక్కా గుంజింది. "పక్కతోని పని గాదు కొడుకా. దున్నేటప్పుడు పొద్దంత దాని చెవుల ముచ్చట చెప్తుంటి. ముచ్చట ఉంటె ఏ పక్కన్నైనా నడుస్తది. నాకు గొంతేది?"

ఆ మాట నేను గట్టిగా అందరికీ చెప్పాను. ఊరంతా నా వైపే చూసింది. పుట్టినప్పటి నుంచి నా నోరు మూయించాలని చూస్తున్న మా అక్కే అంది, "తమ్మీ, నోరు తెరువురా!"

ఎద్దు చెవి పట్టుకుని మొదలుపెట్టాను. మానేరులో స్నానానికి దిగితే చేప ఒకటి నా లుంగీ కట్టుకుని ఒడ్డెక్కి, బస్సెక్కి, కరీంనగర్ దాకా పోయిన సంగతి చెప్పాను. చెవి కదిలింది. కాలు కదిలింది. బండి కదిలింది. జనం కేక వేశారు. నేను ఆపలేదు.

గుడి వెనక్కి వచ్చేసరికి అబద్ధాలు అయిపోయాయి. ఏదో ఒకటి అనుకుని నూలు ధర పెరిగిన సంగతి, మగ్గాలకు పని తగ్గిన సంగతి మొదలుపెట్టాను. అన్నీ నిజాలే. ఎద్దు ఆగిపోయింది. బావ పగ్గాలు పట్టుకుని నన్ను చూశాడు. అప్పుడు తట్టింది. ఇది మల్యాల ఎద్దు, పక్కనే కొండగట్టు.

"ఓ సారి కొండగట్టు కోతులు మా సిరిసిల్లకు అచ్చినయి. నేను చాయ్ తాగొచ్చేటాల్లకు నా మగ్గం నడుపుతున్నయి. ఒక కోతి దారం అతుకుతున్నది, ఇంకోటి నా మీదికి ఎగిరింది, ఆలిస్యమెందుకైందని!"

సొంత ఊరి కోతుల మాట వినగానే చెవులు నిక్కించి అడుగు వేసింది. కోతులకు కూలి పెంచే దగ్గరికి కథ వచ్చేసరికి బండి గుడి ముందు ఆగింది. గుట్ట మీద ఇంకా వేలెడు పొద్దుంది.

బావ పగ్గాలు వదిలాడు. కాడికి కట్టిన పసుపు బట్ట కొసతో ముఖం తుడుచుకున్నాడు. మొదటి కొబ్బరికాయ గంగారెడ్డే కొట్టాడు. "వచ్చే ఏడు నా ట్రాక్టర్ చెవుల గూడ ఒక ముచ్చట చెప్పు కాకా. డీజిల్ మిగులుతది," అన్నాడు. ఆ వెంటనే సంతలో పలుపులు చేతులు మారడం మొదలైంది.

లింగవ్వ ఎద్దు కోసం ముగ్గురు ఎగబడ్డారు. "నీకు ముచ్చట చెప్పుడు అస్తదా?" అని ఒక్కొక్కరినీ అడిగింది. ముగ్గురూ మువ్వల వరుస వైపు జారుకున్నారు. పలుపు చేతికి చుట్టుకుని లేచింది.

మర్నాడు పొద్దున, అక్క కట్టిచ్చిన సర్వపిండితో, నేనూ లింగవ్వా ఎద్దూ ఒకే ట్రాలీ ఆటోలో జగిత్యాల మీదుగా మల్యాలకు బయల్దేరాం. జగిత్యాలలో చాయ్ తాగాం. మిగిలిన దారంతా నేనే మాట్లాడాను. ఆటో కుదుపులకు నేను తూలానే గానీ ఎద్దు నిమ్మళంగా నిలబడి విన్నది. ఇలాంటి శ్రోత నాకు ఇంట్లో ఎన్నడూ దొరకలేదు.

నేను పోయివచ్చిన జాతర ఇది. మీరూ పోవాలనుకుంటే కోరుట్లలో దిగి పసుపు వాసన పట్టుకుని పొండి, దారి తప్పరు. చెప్పినదంతా నిజమే. సిరిసిల్లలో ఒక్కరూ నమ్మడం లేదు. కరెంటు లేకుండా నడిచే మగ్గాన్ని నమ్మినవాళ్లు కూడా ఎద్దు దగ్గరికి వచ్చేసరికి లేచి వెళ్లిపోతున్నారు.

ఆ రోజు మల్యాలలో ఎద్దును దింపుకుని లింగవ్వ నా చెవి దగ్గరికి వచ్చింది. గొంతు కొంచెం తెరుచుకుంది.

"వచ్చే ఏడు కొత్తయి తెచ్చుకో కొడుకా. ఒక్కసారి ఇన్నయి ఇది మళ్ల ఇనది."

సిరిసిల్ల బస్సు ఎక్కి కూర్చున్నాను. మా బస్టాండు వచ్చేదాకా కొత్తవి నేసే పనిలోనే ఉన్నాను.