నోట్లో దాచిన జెట్టు

మావయ్యగారి మోటారు సైకిలు పెట్రోలు ఎక్కువ తాగుతోందని, ఈ రోజు మా ఆయన తండ్రికి చెప్పకుండానే కార్బురేటరు విప్పారు. విజయనగరంలో కొన్న కొత్త జెట్టు, పెట్రోలు కొద్దికొద్దిగా వదిలే సన్న కన్నమున్న వడ్లగింజంత ఇత్తడి ముక్క, నా చేతికిచ్చి, దుమ్ము పోయేలా ఊదమని పెరట్లోకి వెళ్లారు. ఊదుతుండగా మావయ్యగారు వచ్చేశారు! విప్పిన సామాను మీద గోనె కప్పాను. జెట్టు నోట్లోనే ఉండిపోయింది.

"ఏటమ్మా, ఆడు నా బండి విప్పేసినాడేటి?"

తల దించుకున్నాను. జెట్టు ఎక్కడ మింగేస్తానోనని నాలుక కింద నొక్కిపెట్టాను.

"నోరిప్పి సెప్పవేటి?"

లోపల్నించి అత్తయ్యగారు, "ఆ పిల్ల మీతో ఎప్పుడు మాటాడినాదని? రండి, అన్నం సల్లారిపోతన్నాది" అన్నారు. ఆయన వెళ్లిపోయారు.

మావయ్యగారు భోజనం ముగించేలోగా మా ఆయన పెరట్లోంచి వచ్చి జెట్టు బిగించేశారు. నా సిగ్గు ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది. మీరైతే ఉమ్మేసి నిజం చెప్పేసేవారా?