జాబితాలోంచి తీసేసిన ప్రోగ్రాము

చంద్రపూర్‌కు ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, మా బట్టల దుకాణం మీది గదిలో కూర్చొని నేనొక వెబ్ పేజీ నడిపేదాన్ని. ఎవరైనా ఉచితంగా వాడుకొని మార్చుకోగలిగే ఒక సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాముల జాబితా అది. దాన్ని ఎవరూ చూడరనే అనుకునేదాన్ని.

ఒకసారి, అక్షరాలను పెద్దవిగా చూపించే ప్రోగ్రాము లింకు చెడిపోతే దాన్ని జాబితాలోంచి తీసేసిన. మరునాడే ఫిన్లాండ్ నుంచి ఒక పంతులమ్మ మెయిల్ రాసింది: "చూపు తక్కువున్న మా పిల్లలు దాన్ని మీ పేజీ నుంచే తెచ్చుకుంటారు. నా దగ్గరున్న కాపీ పంపుతున్నాను. మళ్ళీ పెట్టండి."

కిందికి ఉరికి నాయినకు చెప్పిన. ఆయన గజంబద్ద పక్కన పెట్టి, "మన దుకాణం పక్కనున్న రాజురా దాటితే ఎవరికీ ఎరుకలేదు. నీ రాత గంత దూరం పోయిందా బిడ్డా?" అన్నడు.

మళ్ళీ మీదికి ఉరికి ఆ కాపీని పేజీలో పెట్టిన. నేనెన్నడూ చూడని పిల్లలు నా కోసం ఎదురుచూస్తున్నరు.