వరహాలు విన్న నిశ్శబ్దం

వన్ టౌన్‌లో హార్మోనియంలు బాగుచేసే వరహాలుకి అరవై మూడేళ్ళు. పెట్టెలో స్వరం పలికే ఇత్తడి రీడు కొసన ఆకురాయితో గీకితే స్వరం పైకెళ్తుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. ఎంత గీకాలన్నది చెవి చెప్పాలి. నలభై ఏళ్ళుగా ఆ చెవే అతనికి కూడు పెడుతోంది. ఉగాది దాటాక అతను శ్రుతి చేసిన పెట్టెలు రెండు వెనక్కి వచ్చాయి. మూడోది తాయారుది. సింహాచలం కొండ దిగువన శనివారం భజన నడిపే మనిషి ఆమె.

"పైకెల్తే స్వరాలు కొట్టుకుంటన్నాయి మావయ్యా. తొందరేటీ నేదు, మీకు ఈలున్నప్పుడే సూడండి," అంటూ పెట్టెతోపాటు అప్పన్న ప్రసాదం కూడా చేతిలో పెట్టింది. తప్పు నీదే అనకుండా తప్పు చెప్పడం ఆ తల్లికి తెలుసు.

వరహాలు నేరాన్ని సముద్రపు గాలి మీదికి నెట్టాడు. లోపల మాత్రం ఒకటే బెంగ. పోయింది పెట్టెల శ్రుతా, తన చెవా? డాక్టరు దగ్గరికి వెళ్తే తెలిసిపోతుందని వెళ్ళలేదు.

ఆ రోజుల్లోనే విదేశీ ఆర్కెస్ట్రా ఒకటి ఊళ్ళోకి వచ్చింది. వాళ్ళ కొత్తరకం సంగీతంలో హార్మోనియం కూడా ఉందట. వరహాలు దగ్గర ఒకటి అద్దెకు తీసుకుని రెండు పాసులిచ్చారు. చెల్లెలి మొగుడు గవర్రాజుని వెంటబెట్టుకుని వెళ్ళాడు. స్టీల్‌ప్లాంట్ క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన గవర్రాజుకి నోరు ఊరుకోదు.

స్టేజీ మీద యాభై మంది. ఒకడు కాగితం నలుపుతున్నాడు. ఒకావిడ కంచు పళ్ళెం అంచున వయొలిన్ కమాను రాస్తోంది. వయొలిన్ల వాళ్ళు కమాను తిరగేసి కర్రతో తీగల మీద కొడుతున్నారు. వరహాలు పెట్టె మీద ఒక్క కింది మెట్టు నొక్కిపట్టి పది నిమిషాలు తిత్తి ఊదుతూనే ఉన్నాడు ఇంకొకడు. ఆ గంభీరమైన నాదం గుండెల్లోకి దిగుతుంటే వరహాలుకి కళ్ళు చెమర్చాయి.

"మా క్యాంటీన్‌లో గరిటెలు కిందపడితే ఇంతకన్నా తాళం తగిలేది," గవర్రాజు గొణిగాడు.

"ఊరుకో బావా."

అంతలో వయొలిన్లన్నీ ఒక్కసారిగా ఆగినట్టయింది. వేళ్ళు తీగల చివరికంటా పాకాయి, కమాన్లు కదులుతూనే ఉన్నాయి, చప్పుడు లేదు. గర్భాలయం తెర తీసే ముందు జనం ఊపిరి బిగబట్టినట్టు అనిపించి వరహాలు చేతులు జోడించాడు.

బయటికొచ్చి బీచ్ రోడ్డు పక్కన టీ తాగుతుంటే గవర్రాజు అందుకున్నాడు.

"ఏటి బావా ఇది? దీన్ని సంగీతమంటారేటి? నోరారా పాడుకోడానికి ఒక్క ముక్క నేదు. దేవుడిక్కూడా పనికిరాదు."

"పనికిరాదని నువ్వెలా సెప్తావ్? ఆళ్ళకి వాయించడం రాక కాదు, కావాలనే తప్పిత్తన్నారు. అన్నం వండేవోడికి ఒకరోజు బియ్యం శబ్దం ఇనాలనిపించదా?"

"నాకెప్పుడూ అనిపించనేదు. ఎసరు మరిగితే సాలు."

"అదే నీ సమస్య." వరహాలు నవ్వాడు. చాన్నాళ్ళకు నవ్వాడు. "మద్దెలో అంతమందీ కమాన్లాడిత్తా ఒక్క చప్పుడు రానివ్వకుండా వాయించేరు సూడు! ఎంత నిగ్రహం కావాల! దానికే దండం పెట్టేను నాను."

"చప్పుడు రాకపోడవేటి బావా!" గవర్రాజు పగలబడి నవ్వాడు. "పళ్ళు జివ్వుమన్నాయి నాకు. కీచుమని ఐదు నిమిషాలు! మన ముందావిడ రెండు సెవులూ మూసేసుకుంది, సూళ్ళేదా?"

చూశాడు. జుట్టు సర్దుకుంటోందనుకున్నాడు.

వరహాలు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. గవర్రాజు అతని ముఖం చూశాడు. నవ్వు ఆపాడు.

"ఏమో బావా, ఆ ఏసీ గాలికి నా సెవుల్లోనే కీచుమందేమో. నువ్వు సెప్పిందే నిజవనుకుంటాను. ఇంత తెలిసినోడివి." గవర్రాజు మెల్లగా తన బిస్కెట్టు విరిచి సగం బావ చేతిలో పెట్టాడు.

ఇంత నోరున్నవాడు తన కోసం అబద్ధమాడుతున్నాడు. వరహాలుకి ఇక డాక్టరు అవసరం లేకపోయింది.

మర్నాడు తాయారు పెట్టె మూత విప్పాడు. పై స్వరాలు వినపడుతున్నాయి. కానీ ఒకే స్వరానికి బిగించిన జంట రీడ్లు శ్రుతి కలవనప్పుడు వాటి మధ్య ఆడే సన్నని నాదపు అల ఉందో లేదో తెలియడం లేదు. ఇన్నాళ్ళూ ఆ అల ఆగిపోయిందనుకుని ఆకురాయి పక్కన పెట్టేసేవాడు. అది ఆగలేదు, తనకు అందలేదు. మళ్ళీ రీడు ముట్టుకోకుండా మరలు బిగించి తాయారుకి కబురు పంపాడు.

ఆమె సాయంత్రం వచ్చింది.

"అమ్మా, ఇది నాను సెయ్యలేను. విజయనగరంలో ఒకాయనున్నాడు, శ్రద్ధగల మనిషి. చిరునామా రాసేను."

"మాకు మీ సెయ్యే కావాల మావయ్యా. పైస్థాయికి పోకుండా కిందే పాడుకుంటాం. అందరం ముసిలోళ్ళమే కదా!"

"వద్దు తల్లీ." వరహాలు కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "ఇన్నాళ్ళు నా తప్పుతోనే దేవుడి ముందు పాడేరు. ఇక పాడించలేను. నా సెవి పోయింది."

నోటితో అనడం అదే మొదటిసారి. తాయారు చిరునామా కాగితం కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. ఇద్దరూ కలిసి పెట్టెని ఆటోలోకి ఎక్కించారు. రోడ్డు గతుకులు, ఒళ్ళో పెట్టుకోమన్నాడు.

"బాగయ్యాక మీకో పాలి సూపించనా మావయ్యా?"

"తీసుకురా అమ్మా," అన్నాడు వరహాలు. "కింది స్వరాలు ఇంటాను."