రేడియేటర్ మీద బంతిపూల దండ

ప్లేనో అనే ఊళ్ళో శ్యామ్‌సుందర్ ఉద్యోగం పెద్ద పెద్ద భవనాలకు ఏసీ లెక్కలు కట్టడం. అలాంటివాణ్ణి ఒక ముసలి కారు ఆ వేసవంతా మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

కారు పక్కింటి ముసలాయన హోలిస్‌ది, వాళ్ళ నాన్న కాలంనాటిది. హోలిస్‌కు క్యాన్సర్ ముదిరింది. తను పెళ్ళి చేసుకున్న చర్చికి ఆ కారులోనే ఒక్కసారి వెళ్ళి రావాలని అడిగాడు. శ్యామ్‌సుందర్ సరేనని మాటిచ్చేశాడు. మాట ఇవ్వడానికేం, ఆ ఎండల్లో బండి కాగిపోకుండా నడవొద్దూ!

ఆ బండికి నీళ్ళు తిప్పే పంపు లేదు. ఇంజన్ దగ్గర కాగిన నీళ్ళు తమంతట తామే పైకెక్కి, ముందున్న రేడియేటర్‌లో గాలి తగిలి చల్లబడి కిందికి దిగాలి. అందుకని అతను గొట్టాల్లో తుప్పు కడిగాడు, వంగిన రేకులు సరిచేశాడు, ఫ్యాన్ బెల్టు మార్చాడు. వీధి చివరి వరకు రెండుసార్లు తోలినా ఆవిరి రాలేదు.

జూలైలో ఒక ఆదివారం బయల్దేరారు. శ్యామ్‌సుందర్ భార్య వసుమతి పూజ చేయందే బండి కదలనివ్వలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పెరట్లో పూసిన బంతిపూలన్నీ కోసి, రేడియేటర్ నిండా పరుచుకునేంత దండ వేసింది.

గాలి దారి మూసుకుపోయిందని శ్యామ్‌సుందర్‌కు చూడగానే తెలిసింది. తీద్దామని చెయ్యి వేశాడు. హోలిస్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. తన పెళ్ళిరోజున కూడా ఈ కారుకు ఇన్ని పూలు లేవని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇంక ఎలా తీస్తాడు?

చర్చి గోపురం కనబడే మలుపులో బుస్సుమని ఆవిరి లేచింది. నీళ్ళు మరుగుతుండగా రేడియేటర్ మూత తెరవడానికి లేదు. శ్యామ్‌సుందర్ దండ లాగేసి, ముసలాయనకు గొడుగు పట్టి నిలబడ్డాడు. చల్లారేదాకా ఆ ఎండలో కూర్చునే ఓపిక ఆయనకు లేదు. వెనకాలే తమ కారులో వచ్చిన వసుమతి, అందులో చర్చికి తీసుకెళ్తామంది. ఆయన తల అడ్డంగా ఊపి, ఇంటికే వెళ్దామన్నాడు.

ఆ సాయంత్రం వసుమతి అడిగింది.

"నిజం చెప్పండి. నా దండ వల్లే హీట్ అయిందా?"

"కాదులే. బండి పాతది," అన్నాడు శ్యామ్‌సుందర్.

ఆమె నమ్మలేదు. అతనూ నమ్మించలేకపోయాడు.

ఆగస్టు దాటకుండానే హోలిస్ పోయాడు. ఆయన కొడుకు తాళాలు తెచ్చి, కారు మీకే ఇమ్మని నాన్న అన్నాడని చెప్పి వెళ్ళాడు. ఎండ ఇంకా అలాగే మండుతోంది. శ్యామ్‌సుందర్ ఒక్కడే చర్చి దాకా తోలుకుంటూ వెళ్ళాడు. బండి చల్లగా, బుద్ధిగా నడిచింది. గుమ్మం ముందు ఆపి పక్క సీటు వైపు చూశాడు. అంత చక్కగా నడిచినందుకే దాని మీద కోపం వచ్చి, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు.