కిరణ్ చేసిన ఇంజిన్ విప్పిన రోజు

2023 వేసవి చివర, ఆక్లాండ్‌కు దక్షిణాన, కార్లు తిన్నగా దూసుకెళ్ళే రేసులు జరిగే ఒక డ్రాగ్ స్ట్రిప్. మామూలు రోజుల్లో మౌంట్ రాస్కిల్‌లో ఇంజిన్లు బాగుచేసే నేను, రేసులున్నప్పుడు అక్కడ టెక్ ఇన్‌స్పెక్టర్‌ని. గెలిచిన కారు ఇంజిన్ విప్పి, దాని బోర్, అంటే సిలిండర్ వెడల్పు, నిబంధన దాటిందా లేదా అని కొలిచి చెప్పడం నా పని.

ఆ మధ్యాహ్నం ఫైనల్ గెలిచింది లావణ్య. పుట్టింది వరంగల్‌లో, ఉండేది ఫ్లాట్ బుష్‌లో. కారు ఆమె భర్త కిరణ్‌ది. ఇంజిన్ అతనే కూర్చుకున్నాడు. గుండెపోటుతో అతను పోయాక, ఆమె ఆ ఇంజిన్‌ను ఎవరినీ విప్పనివ్వలేదు. అతని హెల్మెట్ పెట్టుకుని తనే రేసుల్లో నడుపుతోంది.

షెడ్డులో మేమిద్దరమే. స్పార్క్ ప్లగ్గులు తీసి, పిస్టన్లను ఆడించే క్రాంక్‌కు స్పానర్ తగిలించి మెల్లగా తిప్పాను. చెయ్యి వదలగానే స్పానర్ వెనక్కి తిరిగింది.

"కిరణ్‌కి ఇష్టం లేనట్టుందన్నా," అంది లావణ్య.

"వాల్వ్ స్ప్రింగులు నెడతాయమ్మా. మామూలే."

నిజంగా మామూలే. ఆ స్ప్రింగులుండేది పైనున్న హెడ్‌లో. హెడ్ తీసేస్తే నెట్టేదేమీ ఉండదు. తీసేశాను. మొదటి పిస్టన్‌ను కిందికి దించి, బోర్ కొలిచే గేజ్ కోసం పక్కకు తిరిగాను. మళ్ళీ చూసేసరికి పిస్టన్ పైకొచ్చి సిలిండర్‌ను మూసేసి ఉంది. లావణ్య దూరంగా, గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

మళ్ళీ దించాను. ఈసారి నా కళ్ళ ముందే పైకొచ్చింది, తొందరేమీ లేనట్టు.

లావణ్య దగ్గరికొచ్చింది. "నేను స్పానర్ పట్టుకుంట. నువ్వు కొలువన్నా."

అవతలి నుంచి ఎవరో లాగుతున్నట్టు ఆమె మణికట్లు వణికాయి. నేను కొలిచాను. బోర్ నిబంధన దాటింది. అరిగి పెరిగినది కాదు, మెషీన్ మీద పెంచినది.

"కిరణ్‌కి ఎరుకేనా?"

"ఎంత పెరిగిందో చెప్పగలను. ఎవరు పెంచారో గేజ్ చెప్పదమ్మా."

"ఆయన చేత్తో చేసిన ఇంజిన్. ఎరుకుండే ఉంటది," అంది మెల్లగా.

గెలుపు రద్దయిందని చెప్పాను. తలూపింది. తర్వాత స్పానర్ వదలకుండానే వంగి, ఇంజిన్ మీద రెండో అరచెయ్యి ఆనించి, పక్కనున్న మనిషితో అన్నట్టే అంది: "నేనేం అనుకోను కిరణ్. ఇగ వదిలెయ్."

స్పానర్ ఆమె చేతిలో ఒక్కసారిగా తేలికైంది. ఆ తర్వాత పిస్టన్‌ను ఎక్కడ ఆపితే అక్కడే ఆగింది.

అది ఎందుకు తిరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు. కానీ పోయినవాళ్ళు చేసిన ఇంజిన్ ఎదురైతే, ఇంటివాళ్ళు వచ్చి పక్కన నిలబడేదాకా నేను స్పానర్ ముట్టను.