మీసాలొచ్చినాక పాలేంది?

డెబ్బైల చివర్లో ఒక పొద్దున, ఆత్మకూరు నుంచి నేనెక్కిన బస్సు మర్రిపాడు దాటాక పంక్చరైంది. అప్పట్లో నాకు కడుపులో మంట. రోజూ గ్లాసుడు ఆవుపాలు తాగమన్నాడు మా విజయవాడ డాక్టరు. ఆ మాటను మాత్రలకన్నా భక్తిగా పాటించేవాణ్ణి. రోడ్డు పక్క పాకలో ఒక ముసలావిడ ఆవును పితుకుతుంటే వెళ్ళి, "అవ్వా, ఒక గ్లాసు పాలిస్తావా?" అన్నాను.

"బిడ్డకా?"

"నాకే."

ఆమె పితకడం ఆపి నా మొహంలోకి చూసింది. "మీసాలొచ్చినాక పాలేంది నాయనా?"

"బలమని డాక్టరు చెప్పాడు."

ఆమె గుంజకు కట్టిన దూడను చూపించింది. కొమ్ములు మొలిచిన ఆ దూడ మూతికి ముళ్ళు గుచ్చిన చిక్కం ఉంది. "దీనికీ బలమే కావాలంట. గడ్డి తినే వయసొచ్చినా పాలు మానలా. అందుకే చిక్కం కట్టినాను. ఇప్పుడు పొదుగు దగ్గరికి పోతే, ముళ్ళు గుచ్చుకొని తల్లే తంతాది."

లోపలికెళ్ళి చెంబుడు మజ్జిగ తెచ్చి నా చేతిలో పెట్టింది. నా చూపు ఇంకా పాలచెంబు మీదే ఉందని కనిపెట్టి, చూరులోంచి ఇంకో ముళ్ళ చిక్కం లాగింది.

"నీ మూతికి సరిపోతాదేమో చూద్దామా?"

చెంబు దించకుండా మజ్జిగ తాగేశాను.